గడ్చిరోలి ఊళ్లలో సూదిమందు

నెల నిండని బిడ్డకు రక్తంలో ఇన్‌ఫెక్షన్ సోకితే ఆస్పత్రిలో చేర్పించాలి. వైద్య పుస్తకాల్లో ఉన్న మాట ఇది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఈ మాట చెల్లలేదు. ఆస్పత్రి దూరం, చేతిలో డబ్బుండదు, బాలింతనూ బిడ్డనూ గది దాటించరు. ఆ జిల్లా దక్షిణపు కొస మనకు పరాయిదేం కాదు. కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరోంచ, అక్కడ తెలుగు బాగానే వినిపిస్తుంది.

డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో గడ్చిరోలి చేరి ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. తొలుత పసిపిల్లల న్యుమోనియా మీద పనిచేశారు. ఊపిరి వేగం చూసి జబ్బును పోల్చుకోవచ్చు. కానీ చదువురాని మంత్రసాని అరవై దాకా లెక్కపెట్టేదెలా? అందుకే పూసలూ ఇసుక గడియారమూ ఉన్న చిన్న పరికరం తయారుచేశారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస జరిగిందంటే న్యుమోనియా అన్నమాట.

1995లో అసలు సాహసానికి దిగారు. 39 ఊళ్లలో, అయిదు నుంచి పదో తరగతి దాకా చదివిన ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి పురిటిళ్లకు పంపారు. నిన్నటిదాకా గట్టిగా ఏడ్చిన బిడ్డ గొంతు సన్నబడటం, పాలు పట్టకపోవడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడటం, ఊపిరికి డొక్కలు లోపలికి పోవడం... వాళ్లు గమనించాల్సినవి ఇవే. ఇలాంటివి రెండు ఒకేసారి కనబడి, ఆస్పత్రికి వెళ్లడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే, జెంటామైసిన్ సూది తామే వెయ్యాలి.

వైద్యులు ఉలిక్కిపడేలాంటి పనే! ఫలితాలు 1999లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. ఇన్‌ఫెక్షన్ సోకిన నవజాత శిశువుల్లో అంతకుముందు నూటికి 16.6 మంది చనిపోతుంటే, ఈ వైద్యం మొదలయ్యాక 2.8 మందే. ఈ సేవలు లేని 47 ఊళ్లతో పోలిస్తే, మూడో ఏటికి నెలలోపు మరణాలు 62 శాతం తగ్గాయి.

మన దేశం 2011లో ఈ పద్ధతిని ఆశా కార్యకర్తల చేతికిచ్చింది. ఆస్పత్రి కాన్పయితే ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు, 42 రోజుల్లోగా గడప తొక్కి బిడ్డను చూడాలి. సూది మాత్రం వాళ్లకు దక్కలేదు. 2014 మార్గదర్శకాలు దాన్ని ఏఎన్‌ఎంలకు, అదీ తప్పనిసరి పరిస్థితుల్లోనే, అప్పగించాయి. జాగ్రత్త కోసమేనని ఒప్పుకోవచ్చు. కానీ గడ్చిరోలిలో తప్పిన మరణాల్లో మూడోవంతుకు పైగా ఇన్‌ఫెక్షన్ వైద్యం పుణ్యమేనని బంగ్ బృందం తర్వాత లెక్కగట్టింది. అంటే ఊరూరికీ చేరింది ఆ ప్రయోగంలో కొంత భాగమే.