కంప్యూటర్ ప్రాజెక్టుల విజయం – పై యాజమాన్యం పాత్ర



మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాదే. ఎం.సి.ఏ. చదివే రోజుల్లో మాదాపూర్ బస్సు దిగి సైబర్ టవర్స్‌ను చూసినప్పుడల్లా, మంచి కంప్యూటర్, మంచి ప్రోగ్రామ్ ఉంటే చాలు, పని దానంతటదే నడుస్తుందని అనుకునేవాళ్ళం. అది నిజం కాదని అంతకుముందే ఒక అనుభవం చెప్పింది, మేమే గ్రహించలేదు.

డిగ్రీలో ఉండగా మేము ముగ్గురు మిత్రులం కలిసి ఒక హాస్టల్‌కు స్టాకు రిజిస్టరు ప్రోగ్రామ్ తయారు చేశాం. ఏ పూట ఎన్ని కిలోల బియ్యం, ఎంత కందిపప్పు, ఎంత నూనె వాడారో నమోదు చేస్తే మిగిలిన నిల్వ వెంటనే కనిపించేది. అందరూ మెచ్చుకున్నారు. రెండు నెలలకు కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశారు. కారణం ఏమిటంటే, తనిఖీకి వచ్చినవారు కాగితం రిజిస్టరే అడిగేవారు. అందువలన ఒకే లెక్క రెండుసార్లు రాయాల్సి వచ్చేది. రాసే ఆయన తప్పేమీ లేదు. "ఇక కాగితం రిజిస్టరు అక్కర్లేదు" అనే అధికారం ఆయనకు లేదు. ఆ మాట అనగలిగిన పై అధికారి దగ్గరకు మా ప్రోగ్రామ్ వెళ్ళనే లేదు.

పై యాజమాన్యం అనగా కంపెనీలో మేనేజింగ్ డైరెక్టరు, ప్రభుత్వంలో శాఖాధిపతి, కార్యదర్శి, మంత్రి. డబ్బు, మనుషులను ఇవ్వడం వారి మొదటి పని. శాఖల మధ్య తగువులు తీర్చడం రెండవది. పాత పద్ధతిని మాన్పించడం మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది.

దీనికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అదే నెల 4వ తేదీన 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో 'కార్డ్' ప్రాజెక్టు మొదలైంది. అంతకుముందు భూముల దస్తావేజులను లావుపాటి పుస్తకాల్లో చేత్తో నకలు రాసేవారు. ప్రజలు రోజుల తరబడి తిరిగేవారు. ఐ.ఎ.ఎస్. అధికారి జె. సత్యనారాయణ ఈ ప్రాజెక్టుకు నాయకత్వం వహించారు. అయితే కంప్యూటర్లు కొన్నంత మాత్రాన సరిపోలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం పుస్తకాల్లో నకలు ఉండాలనేది. కంప్యూటర్ ద్వారా జరిగిన రిజిస్ట్రేషన్ చెల్లేలా 1999లో రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించింది. ఈ పని ఏ ప్రోగ్రామర్ వల్లా కాదు.

రెండవ ఉదాహరణ ఈ-సేవ. 1999 డిసెంబరులో బంజారాహిల్స్‌లో 'ట్విన్స్' పేరుతో ప్రయోగంగా మొదలై, 2001లో ఈ-సేవగా విస్తరించింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఆస్తి పన్ను అన్నీ ఒకే కౌంటరులో కట్టే వీలుండేది. ఇవన్నీ వేర్వేరు శాఖలు. ఒక శాఖ డబ్బును మరొకరి కౌంటరులో కట్టించుకోవడానికి అందరినీ ఒప్పించాలంటే వారందరికీ పైనున్నవారే పూనుకోవాలి.

1994లో అమెరికాలోని స్టాండిష్ గ్రూప్ సంస్థ ప్రాజెక్టుల విజయానికి కారణాలు అడిగినప్పుడు, వాడేవారి భాగస్వామ్యం మొదటి స్థానంలో, పై యాజమాన్యం అండ రెండవ స్థానంలో వచ్చాయి. ఈ వరుస గమనించదగినది. పైవారి ఆజ్ఞ ఒక్కటే చాలదు. కార్డ్ వచ్చిన ఇన్నేళ్ళ తరువాత కూడా చాలామంది దస్తావేజు లేఖరుల దగ్గరకే వెళ్తున్నారు. రిబ్బను కత్తిరించిన రోజుతో పైవారి బాధ్యత తీరదు. పని ఎలా నడుస్తుందో తరువాత కూడా కనిపెట్టి చూడాలి.

తమ్ముళ్ళారా, మీలో చాలామంది రేపు గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల్లో చేరతారు. ప్రాజెక్టు చేతికి రాగానే "పాత రిజిస్టరును ఎవరు ఆపిస్తారు?" అని మొదట అడగండి. జవాబు దొరకకపోతే అడుగుతూనే ఉండండి. అడగడానికి మనలాంటి వాళ్ళకు మొహమాటం ఎక్కువ, మాకూ ఉండేది. మీలో కొందరు పై కుర్చీలో కూడా కూర్చుంటారు. ఆ రోజున మీ కింద ఒకే లెక్కను రెండుసార్లు రాస్తున్న మనిషి ఎవరైనా ఉన్నారేమో చూడవలసిందిగా మా మనవి.