పక్షవాతం: తొలి గంటలు తైలానివి కావు

తెల్లవారుజామున ఇంటిపెద్ద కాఫీ గ్లాసు అందుకోబోతే చేయి లేవదు. మూతి ఒక ప్రక్కకు లాగుతుంది, మాట ముద్దగా వస్తుంది. "వాతం కొట్టింది, వైద్యులవారికి కబురు పెట్టండి" అంటారు ఇంటిల్లిపాది. ఆ కబురు నాకు అనేక పర్యాయాలు వచ్చింది. గురుకులంలో చరకసంహిత వల్లెవేసిన నేనే మనవి చేస్తున్నాను: ఆ వేళ నా కోసం ఎదురుచూడవద్దు, 108కి ఫోన్ చేయండి.

చరకుడు శిరస్సును మూడు ప్రధాన మర్మాలలో ఒకటిగా ఎంచాడు. పడిపోయినది చేయే అయినా దెబ్బ తగిలినది మెదడుకు. ఎడమ మెదడు దెబ్బతింటే కుడి అంగాలు చచ్చుబడతాయి, తరచు మాట కూడా పోతుంది. రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం ఒక విధం, నాళం చిట్లడం మరొక విధం. మొదటిదే ఎక్కువ. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. ఈ రెంటిలో ఏదో నాడి పట్టి తేల్చడం నా వల్ల కాదు, సీటీ స్కాన్ తేలుస్తుంది. గడ్డను కరిగించే సూదిమందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. కొందరికి 24 గంటల వరకు గొట్టంతో గడ్డను తీయగలరు. రోగి చివరిసారి బాగుగా ఉన్న వేళ గుర్తుపెట్టుకొని డాక్టరుగారికి చెప్పండి. స్కాను కాకముందే ఆస్పిరిన్ మ్రింగించకండి.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. గురుకులం విడిచిన కొత్తలో, మూతి వంకరపోయిన పూటే ఒక రైతుచేత రాస్నాది కషాయం త్రాగించాను. పొలమారింది. మూడవనాటికి జ్వరం, ఆయాసం. ఆయన బ్రతకలేదు. మ్రింగే శక్తి కూడా పడిపోతుందన్న సంగతి నాకు ఆనాడు తట్టలేదు. ఆ గ్లాసు ఇప్పటికీ నా కళ్ళలో మెదులుతుంది. కాబట్టి మంచినీళ్ళు సైతం పోయవద్దు. ఇక పావురం నెత్తురు పూసేవారున్నారు. అందువల్ల పావురం ప్రాణం పోతుంది, రోగికి గడువు దాటిపోతుంది.

పది నిమిషాలలో అంతా సర్దుకుంటే గండం గడిచిందనుకోకండి. పెద్ద దెబ్బకు అది ముందు కబురు కావచ్చును. ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

మరి ఆయుర్వేదానికి పని లేదా? ఉన్నది, ఇంటికి వచ్చిన తరువాత. ఆసుపత్రి వైద్యుని అనుమతితో క్షీరబలా తైలం గోరువెచ్చగా, మృదువుగా మర్దించవచ్చును. బిగిసిన అంగాలకు అది కొంత సుఖమిస్తుంది. ఫిజియోథెరపీ మాత్రం మానరాదు. స్పర్శ తెలియని చర్మంపై కాపడం పెడితే బొబ్బలెక్కుతాయి. పడిపోయిన చేతిని పట్టి లేవదీస్తే భుజం కీలు చెడుతుంది. రక్తపోటు మాత్రలు మానిపించి నా చూర్ణం వాడమని నేనెవరికీ చెప్పను. అలా చెప్పే వైద్యుడుంటే అక్కడినుండి లేచి రండి.

ఇక ఉప్పు. మనిషికి రోజుకు 5 గ్రాములకు లోపు, అనగా ఒక చిన్న చెంచాకు తక్కువ. ఆవకాయ, అప్పడం, వడియాలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోదే.