కంప్యూటరు తెర పటం – తీయుట, దాచుట, తిరిగి చూచుట

పాల సంఘాల లెక్కలు చాలా చోట్ల కాగితం నుండి కంప్యూటరుకు మారినవి. పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర యంత్రమే లెక్కకట్టి చిన్న స్లిప్పు ఇస్తున్నది. బిల్లు సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాకు జమ అవుతున్నది. పిల్లల చదువు నిమిత్తం కొన్న కంప్యూటరులోనే సభ్యులు తమ ఖాతా చూచుకొంటున్నారు, దాణాకు సొమ్ము పంపుతున్నారు, పశువుల బీమాకు దరఖాస్తు పెడుతున్నారు. ఇది మంచిదే. అయితే కాగితానికి ఉన్న ఒక సుగుణం తెరకు లేదు. కాగితం పెట్టెలో పెడితే పెట్టినట్లే ఉంటుంది. తెర మీది అక్షరం పేజీ మారగానే పోతుంది.

తనిఖీకి వెళ్ళిన చోట్ల నాకు తరచుగా వినిపించే మాట ఒకటున్నది. “అయ్యా, సొమ్ము జమ కాలేదని కంప్యూటరులో స్పష్టంగా వచ్చింది. ఇప్పుడు చూస్తే ఆ మాట లేదు” అంటారు. ఆ మాట ఏమిటో, ఏ తేదీన వచ్చిందో, దాని కింద ఏ నెంబరు ఉన్నదో ఎవరికీ గుర్తుండదు. ఖాతాలో సొమ్ము తగ్గి అవతలివారికి చేరనప్పుడు బ్యాంకువారు మొట్టమొదట అడిగేది ఆ నెంబరే. అది చెప్పలేని యెడల ఒక్క పూటలో తేలవలసిన విషయానికి రోజుల తరబడి తిరగవలసి వస్తుంది. కొందరు తెలివిగా తెరను సెల్ ఫోనుతో ఫోటో తీస్తారు. అందులో చారలు పడతాయి, వెలుతురు మెరుస్తుంది, సరిగ్గా కావలసిన అంకె దగ్గరే 3కు, 8కి తేడా తెలియదు.

తెర మీద ఉన్నదాన్ని ఉన్నట్లు పటంగా తీసిపెట్టే ఏర్పాటు కంప్యూటరులోనే ఉన్నది. దీనినే స్క్రీన్ షాట్ అంటారు. దీనికి వేరే పరికరం అక్కరలేదు, ఖర్చు లేదు. మన ఇళ్ళలో ఎక్కువగా వాడే విండోస్ కంప్యూటరును దృష్టిలో ఉంచుకొని ఆ పద్ధతి ఇక్కడ వివరిస్తున్నాను.

కీబోర్డు పై వరుసలో కుడి వైపున ‘ప్రింట్ స్క్రీన్’ అనే మీట ఉంటుంది. చోటు చాలక ఆ పేరును కుదించి నాలుగైదు అక్షరాలలో అచ్చువేస్తారు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఈ మీట తెర మీది అక్షరాలను నిజంగానే ప్రింటరుకు పంపి కాగితం మీద అచ్చు వేయించేది. ఇప్పుడు ఆ పని పోయి పేరు మాత్రం మిగిలింది. అందువల్ల దీన్ని నొక్కి ప్రింటరు వైపు చూస్తూ కూర్చోనక్కరలేదు.

ఈ మీట ఒక్కదాన్నే నొక్కినట్లయితే చాలా కంప్యూటర్లలో పైకి ఏమీ జరిగినట్లు కనిపించదు. కాని పటం తీయబడి కంప్యూటరు జ్ఞాపకంలో తాత్కాలికంగా ఒక చోట ఉంటుంది. దాన్ని క్లిప్ బోర్డు అంటారు. చొక్కా జేబులో పెట్టుకొన్న పాల స్లిప్పు వంటిదన్న మాట. తీసి పెట్టెలో పెట్టకుండా చొక్కా ఉతుకుకు వేస్తే ఏమవుతుందో, కంప్యూటరు ఆపివేస్తే ఈ పటానికీ అదే అవుతుంది. మొదటిసారి నేర్చుకొనేవారు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పటం తీశాము గనుక భద్రంగా ఉన్నదనుకొంటారు.

దాన్ని భద్రపరచడానికి పెయింట్ అనే ప్రోగ్రాము తెరవాలి. ఇది 1985లో వచ్చిన మొదటి విండోస్ నుండీ ఉన్నదే. తెరచిన తరువాత కంట్రోల్ మీటను పట్టుకొని ‘వి’ అక్షరం నొక్కితే పటం అందులో పడుతుంది. కంట్రోల్ పట్టుకొని ‘ఎస్’ నొక్కితే పేరు అడుగుతుంది. పటం రకం అడిగిన చోట పి.ఎన్.జి. ఎంచుకొనడం మేలు. జె.పి.జి. ఫోటోలకు బాగుంటుంది గాని అక్షరాల అంచులను కొంత మసక చేస్తుంది. మనకు కావలసింది అంకెలు గదా.

ఇంతకంటె సులువైన మార్గం కూడ ఉన్నది. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలు ఆ తరువాతి వాటిలో, కిటికీ గుర్తు ఉన్న మీటను పట్టుకొని ప్రింట్ స్క్రీన్ నొక్కితే తెర అంతా పటమై దానంతట అదే దాచబడుతుంది. ల్యాప్ టాప్ అయితే కొన్నింటిలో ‘ఎఫ్.ఎన్.’ మీటను కూడ కలిపి నొక్కవలసి ఉంటుంది. తెరలో కొంత భాగమే కావాలంటే విండోస్ 10, 11 లలో కిటికీ మీట, షిఫ్టు మీట, ‘ఎస్’ అక్షరం మూడూ కలిపి నొక్కి, మౌసుతో కావలసిన మేరకు గీత గీస్తే ఆ ముక్క వస్తుంది.

లెక్కల విషయంలో మాత్రం ముక్క కంటె మొత్తం తెర పటమే మంచిదని నా అభిప్రాయం. తెర కింది అంచున కుడి మూలలో తేదీ, సమయం ఉంటాయి. పూర్తి పటంలో అవి కూడ వస్తాయి. తేదీ లేని వోచరును ఆడిటరు ఎట్లా చూస్తాడో తేదీ లేని పటాన్నీ అట్లాగే చూస్తారు. కంప్యూటరులో తేదీ సరిగా ఉన్నదో లేదో ముందు చూచుకోవాలి. ఇంకొకటి. పటంలో వచ్చేది తెర మీద అప్పుడు కనిపిస్తున్నంత వరకే. పదిహేను రోజుల పాల బిల్లు పొడవుగా ఉంటే కిందికి జరుపుకొంటూ రెండు మూడు పటాలు తీయాలి. ఒక పటంలోని చివరి వరుస తరువాతి పటంలో మొదట ఉండేటట్లు చూస్తే మధ్యలో ఏ పూటా జారిపోలేదని తెలుస్తుంది.

ఇక తిరిగి చూచుట. కిటికీ మీట పట్టుకొని ‘ఇ’ అక్షరం నొక్కితే ఫైళ్ళ జాబితా వస్తుంది. అందులో పిక్చర్స్ అనే ఫోల్డరు, దానిలో స్క్రీన్ షాట్స్ అనే ఫోల్డరు ఉంటాయి. కావలసిన పటం మీద రెండుసార్లు టకటక నొక్కితే తెరుచుకొంటుంది. అయితే కంప్యూటరు పెట్టే పేర్లు వరుస సంఖ్యలతోనో, గంటలు నిమిషాలతోనో ఉంటాయి. ఆరు నెలల తరువాత చూస్తే ఏది దేనిదో తెలియదు. గనుక తీసిన రోజే పటాన్ని ఒకసారి నొక్కి, ఎఫ్ 2 మీట నొక్కి పేరు మార్చాలి. ముందు సంవత్సరం, తరువాత నెల, తేదీ, చివర విషయం వ్రాయండి. ‘2026-01-15 పాల బిల్లు’ అన్నట్లు. ఇట్లా వ్రాస్తే పటాలు వాటంతట అవే తేదీల క్రమంలో నిలబడతాయి. ఏటవాలు గీత మాత్రం పేరులో వాడరాదు, కంప్యూటరు ఒప్పుకోదు.

పటం ఉన్నది గదా అని పాల స్లిప్పులు పారవేయరాదు. పటంలోని అంకెను మార్చడం తెలిసినవారికి కష్టం కాదు. అందువల్ల సంఘంలో గాని బ్యాంకులో గాని దాన్ని అసలు లెక్కతో సరిపోల్చుకొంటారు. ఎక్కడ వెదకాలో చూపడమే పటం చేసే పని. వివాదం న్యాయస్థానం వరకు వెళ్ళిన యెడల, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఇటువంటి కంప్యూటరు నకళ్ళకు ధ్రువపత్రం జతపరచవలసి ఉంటుంది.

పటాన్ని ఇతరులకు పంపేటప్పుడు అందులో ఇంకేమి కనిపిస్తున్నదో చూడండి. ఖాతా నిల్వ, ఆధార్ నెంబరు ఉంటే వాటిని పెయింట్ లోనే నల్లగా పూసి, వేరే పేరుతో దాచి, ఆ నకలునే పంపాలి. ఓ.టి.పి. ఉన్న పటం ఎవరడిగినా పంపరాదు. మోసపోయి సొమ్ము పోగొట్టుకొన్నవారు కొందరు భయంతోనో, ఇంట్లో తెలుస్తుందనో ఆ సందేశాలను తుడిచివేస్తున్నారు. తుడవక ముందు వాటికి, సొమ్ము వెళ్ళిన నెంబరు ఉన్న పేజీకి పటం తీసి ఉంచి, వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయాలి. సొమ్ము చేతులు మారక ముందే ఆపడానికి ఆ మొదటి గంటలే ముఖ్యం.