పంటికి, కంటికి వేరే బీమా: ఎవరికి లాభం?

ఎర్రబోరు (సుక్మా జిల్లా): ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు దాటి, శబరి ఒడ్డున ఉన్న కుంట మీదుగా దోర్నపాల్, సుక్మా వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న ఊరు ఎర్రబోరు. 2006 జులైలో ఇక్కడి సహాయ శిబిరంపై మావోయిస్టులు జరిపిన దాడిలో ముప్పయి మందికి పైగా మరణించటంతో ఈ పేరు దేశానికి తెలిసింది. దోర్లా, గోండి, హల్బీలతో పాటు తెలుగు కూడా వినిపించే ఈ ప్రాంతం గురించి భద్రత కోణంలో ఎంతో రాశారు. పంటినొప్పి, కంటిమసక వంటి నిత్యజీవిత బాధల ప్రస్తావన మాత్రం అరుదు.

ఛత్తీస్‌గఢ్‌లో అంత్యోదయ, ప్రాధాన్య రేషన్ కార్డులున్న కుటుంబానికి ఆయుష్మాన్ పథకం కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం లభిస్తుంది. ఇతర రేషన్ కార్డుదారులకు ఈ పరిమితి 50 వేల రూపాయలు. గుండెకు శస్త్రచికిత్స అవసరమైతే ఆదుకునే ఆ కార్డు, పుచ్చిన పన్నును పూడ్పించుకోవటానికి గానీ, చత్వారానికి కళ్లజోడు కొనుక్కోవటానికి గానీ అక్కరకు రాదు. ఈ లోటు పేదల కార్డుకే పరిమితం కాదు. నగరాలలో వేలాది రూపాయల ప్రీమియం చెల్లించే ఉద్యోగి పాలసీలోనూ ఇదే లోటు కనిపిస్తుంది.

మంచానికే బీమా

కారణం బీమా నిర్మాణంలోనే ఉంది. మన దేశంలో ఆరోగ్య బీమా ప్రధానంగా ఆసుపత్రి మంచాన్ని ఆధారం చేసుకుని రూపొందింది. రోగి ఆసుపత్రిలో చేరాలి, లేదా డే కేర్ జాబితాలో ఉన్న చికిత్స పొందాలి. పంటి వైద్యంలో అధిక భాగం, కంటి పరీక్ష యావత్తూ కుర్చీలో కూర్చోబెట్టి చేసేవే. మంచం ఎక్కని జబ్బుకు పాలసీ తలుపు తెరుచుకోదు.

బీమా నియంత్రణ సంస్థ ఆదేశంపై 2020 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ‘ఆరోగ్య సంజీవని’ ప్రామాణిక పాలసీ ఇందుకు మంచి నిదర్శనం. అందులో శుక్లాల ఆపరేషన్‌కు ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40 వేల రూపాయలు, ఏది తక్కువైతే అంతవరకే చెల్లిస్తారు. అదీ పాలసీ తీసుకున్న 24 నెలల తరువాతనే. వ్యాధి లేదా గాయం వల్ల అవసరమైన దంత చికిత్సకు అవకాశం ఉన్నా, అది ఆసుపత్రి వైద్యం పరిధిలోనే. దృష్టి దోషం 7.5 డయాప్టర్ల కంటే తక్కువైతే దాన్ని సరిచేసే చికిత్సకు చెల్లించకపోవటం అన్ని కంపెనీలకూ వర్తించే ప్రామాణిక మినహాయింపు. కళ్లద్దాల ధర సాధారణంగా చెల్లించని వస్తువుల జాబితాలో ఉంటుంది.

అమెరికా దారి వేరు

అమెరికాలో పంటికి, కంటికి ప్రత్యేక పాలసీలు విస్తృతంగా ఉన్నాయి. 1954లో పశ్చిమ తీరంలోని ఓడరేవు కార్మికుల సంఘం తమ పిల్లలకు దంత వైద్యం కావాలని కోరటంతో అక్కడి దంత వైద్య సంఘాలు ముందస్తు చెల్లింపు పథకాలను ఏర్పాటు చేశాయి. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో కంటి పరీక్షల నిపుణులు దృష్టి పథకాన్ని ప్రారంభించారు.

అయితే ఈ పథకాలు బీమా కంటే వాయిదా చెల్లింపునే ఎక్కువగా పోలి ఉంటాయి. పరీక్షలకు, పళ్లు శుభ్రపరచటానికి పూర్తిగా, పూడ్పులకు ఐదింట నాలుగు వంతులు, తొడుగులకు సగం చెల్లించటం అక్కడ సాధారణ పద్ధతి. ఏడాదికి వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల గరిష్ఠ పరిమితి చాలా పాలసీలలో కనిపిస్తుంది. అంటే ఖర్చు పెరిగేకొద్దీ కంపెనీ వాటా ఆగిపోతుంది, రోగి వాటా పెరుగుతుంది. మామూలు బీమాకు ఇది పూర్తిగా తలకిందులు.

అక్కడ స్థిరపడి పదవీ విరమణ చేసిన తెలుగువారికి 65 ఏళ్లకు లభించే ప్రభుత్వ మెడికేర్ మూల పథకంలో సాధారణ దంత వైద్యం లేదు. శుక్లాల ఆపరేషన్ తరువాత ఒక జత తప్ప కళ్లద్దాలూ లేవు. పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు కొనే సందర్శకుల పాలసీలు సాధారణంగా అత్యవసర పంటినొప్పికి మించి పోవు. కనుక పళ్ల పని, కళ్లజోడు పని ప్రయాణానికి ముందే ఇక్కడ ముగించుకోవటం మేలు.

వ్యక్తులు లెక్క వేయవలసినది

మన దేశంలో పూర్తిగా పంటికో, కంటికో పరిమితమైన పాలసీలు స్వల్పం. ఎక్కువగా లభించేది ప్రధాన పాలసీకి జతచేసే ఔట్‌పేషెంట్ సదుపాయం. దీన్ని ఎంచుకునే ముందు ఒకే ఒక లెక్క వేయాలి. ఉదాహరణకు అదనపు ప్రీమియం ఏడాదికి 4 వేల రూపాయలు, పొందగల గరిష్ఠ మొత్తం 5 వేల రూపాయలు అనుకుందాం. ప్రతి ఏడాదీ మొత్తం వాడుకున్నా మిగిలేది వెయ్యి రూపాయలే. ఒక ఏడాది వాడకపోతే నాలుగు వేలు పోయినట్టే. అంతకంటే ఆ సొమ్మును పోస్టాఫీసు ఖాతాలో వేసుకోవటమే లాభం.

భరించలేని నష్టం నుంచి కాపాడటానికి బీమా కావాలి. ఏటా వచ్చే చిన్న ఖర్చుకు పొదుపు చాలు. వేచి ఉండవలసిన కాలం, ఏడాది పరిమితి, సమీపంలో నగదు రహిత వైద్యశాల ఉన్నదీ లేనిదీ, ఈ మూడూ చూడకుండా సంతకం చేయరాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ తొలగిపోయింది. ఈ మేరకు తగ్గిన ప్రీమియంతోనే పోల్చి చూడాలి.

పింఛనుదారులకు

వయసు మళ్లిన వారికి కంటి శుక్లం దాదాపు తప్పని ఖర్చు. 65 ఏళ్లు దాటిన వారికి కొత్త పాలసీ నిరాకరించటానికి ఆధారమైన వయోపరిమితిని నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్ నుంచి తొలగించింది. అయినా 24 నెలల నిరీక్షణ నిబంధన మిగిలే ఉంది. చూపు మసకబారాక పాలసీ కొంటే ఉపయోగం లేదు. పదవీ విరమణకు కనీసం రెండేళ్ల ముందే సొంత పాలసీ తీసుకోవటం వివేకం.

70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల రూపాయల ఆయుష్మాన్ రక్షణ 2024 అక్టోబరు 29న ప్రారంభమైంది. ఆధార్‌తో నమోదు చేసుకుంటే శుక్లాల ఆపరేషన్‌కు వేరే పాలసీ వెదకనవసరం లేదు. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ ఆపరేషన్ ఉచితంగా చేస్తారు. ఇక కట్టుడు పళ్లు, కళ్లజోడు మాత్రం చేతి ఖర్చే అనుకుని కొంత సొమ్ము పక్కన పెట్టుకోవాలి.

యజమానులకు

బైలదిల్లా ఇనుప గనులను నడిపే ఎన్ఎండిసి వంటి సంస్థలు కిరందుల్, బచేలీలలో ఆసుపత్రులు నెలకొల్పాయి. చిన్న యజమానికి అది సాధ్యం కాదు. పదిమంది లేదా అంతకు మించి సిబ్బంది ఉండి, పథకం అమలులో ఉన్న ప్రాంతమైతే, నెలకు 21 వేల రూపాయల లోపు వేతనం పొందేవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుని వాటా 0.75 శాతం. మంచం ఎక్కనవసరం లేకుండా ఔట్‌పేషెంట్ వైద్యం అందటం దీని ప్రత్యేకత.

ఈఎస్ఐ పరిధిలోకి రాని సిబ్బందికి బృంద పాలసీ తీసుకోవచ్చు. అయితే వ్యక్తిగత పాలసీలకు లభించిన పన్ను మినహాయింపు బృంద పాలసీలకు లేదు. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు, గుమాస్తాలు ఉన్న వ్యాపారి పంటికి, కంటికి బీమా కొనటం కంటే, ఏడాదికొకసారి కంటి పరీక్ష చేయించి కళ్లజోడు బిల్లు తానే చెల్లించటం చవక. రాత్రివేళ లారీ నడిపే డ్రైవరుకు చూపు సరిగా ఉండటం యజమానికీ రక్షణే.

కార్డుకు తోడు కుర్చీ

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన ‘కంటి వెలుగు’ బీమాతో నిమిత్తం లేకుండా ఊరూరా శిబిరాలు పెట్టి తొలివిడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిపింది, కళ్లజోళ్లు ఉచితంగా ఇచ్చింది. 1987లో హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామాలలో దృష్టి కేంద్రాలు నడుపుతూ స్థానిక యువతకే పరీక్షలు చేయటంలో శిక్షణ ఇస్తోంది. కుర్చీ ఊరిదాకా వస్తే చిన్న చికిత్సకు బీమా అవసరమే తగ్గుతుందని ఈ రెండూ రుజువు చేశాయి.

ఎర్రబోరు వంటి ఊళ్లకు కావలసినది ఇదే. ఛత్తీస్‌గఢ్‌లో పొగాకు ముద్ద అయిన గుడాఖుతో పళ్లు తోముకునే అలవాటు విస్తారంగా ఉంది. నోటి క్యాన్సర్ ముదిరాక శస్త్రచికిత్సకు కార్డు డబ్బు ఇస్తుంది. తొలిదశలో నోరు తెరిపించి చూసే వైద్యుడు దగ్గరలో ఉంటే ఆ స్థితే తప్పవచ్చు.

ఆయుష్మాన్ కార్డు దేశంలో గుర్తింపు పొందిన ఏ ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది. కనుక ఇక్కడివారు భద్రాచలం వైపు వెళ్లినా, జగదల్‌పూర్ వైపు వెళ్లినా, ముందుగా ఆ ఆసుపత్రికి గుర్తింపు ఉన్నదీ లేనిదీ తెలుసుకుంటే చాలు. కానీ ఉచితం అన్నంత మాత్రాన సురక్షితమని కాదు. 2024 అక్టోబరులో దంతెవాడ జిల్లా ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ జరిగిన వారిలో పదిమందికి పైగా వృద్ధులకు ఇన్ఫెక్షన్ సోకటంతో రాయ్‌పూర్ తరలించవలసి వచ్చింది. బాధ్యులైన వైద్య సిబ్బందిని ప్రభుత్వం సస్పెండ్ చేసింది.

పాలసీ కొనేవారు ప్రీమియం అంకె చూస్తారు, పథకం ప్రకటించేవారు లక్షల అంకె చూపుతారు. ఆ రెండు అంకెల మధ్య జారిపోయేవి పన్నూ, కన్నూ. అయిదు లక్షల కార్డు పెట్టెలో భద్రంగా ఉండగానే, కొద్ది వందల రూపాయల కళ్లజోడు లేక సూదిలో దారం ఎక్కించలేని ముసలమ్మ ఉన్న ఊరిలో ఆరోగ్య రక్షణ పూర్తయినట్టు కాదు.