తెమడలో దొరకని టీబీ: నెగెటివ్ రిపోర్టు వెనుక లెక్కలు

ఒక మిల్లీలీటరు తెమడలో కనీసం 5,000 నుంచి 10,000 దాకా టీబీ క్రిములు ఉంటే తప్ప మైక్రోస్కోపుకి అవి దొరకవు. రెండు వారాలు దాటి దగ్గుతున్న మనిషి చేతికి ‘నెగెటివ్’ అని కాగితం వచ్చిందంటే దాని అర్థం ఇంతే: చూసినంత మేర అన్ని క్రిములు లేవు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉందా, లేదా అన్నది ఆ కాగితం ఒక్కటే తేల్చదు. అది తెలియక చాలామంది కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. దగ్గుమందు సీసాలతో నెలలు గడుపుతారు. బరువు తగ్గుతుంటే ‘పని ఎక్కువైంది’ అనుకుంటారు.

పుదుచ్చేరి పట్టణంలోని కదిర్కామం ఈ విషయం చెప్పుకోవడానికి సరైన చోటు. 2010లో తరగతులు మొదలైన ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఇక్కడే ఉంది. దగ్గర్లోనే గోరిమేడు. అక్కడ కేంద్ర ప్రభుత్వ వైద్య సంస్థ జిప్మర్, ప్రభుత్వ ఛాతీ వ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. తెమడలోని క్రిములను పెంచి చూసే రిఫరెన్స్ ల్యాబు ఆ ఛాతీ ఆసుపత్రిలోనే పనిచేస్తుంది. అంటే మామూలు స్లైడు పరీక్ష దగ్గర్నుంచి కల్చర్ దాకా, స్కాన్ దాకా, గొట్టంతో ఊపిరితిత్తుల్లోకి చూసే బ్రాంకోస్కోపీ దాకా అన్ని మెట్లూ కొద్ది కిలోమీటర్ల లోపే ఉన్నాయి. మన యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలోదే. కాకినాడ పక్కనే ఉన్నా, పెద్ద వైద్యం కోసం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి ఇక్కడికి వచ్చే తెలుగువాళ్లున్నారు. అంత దూరం వచ్చినవాళ్లు మొదటి మెట్టు మీద ఆగిపోకూడదన్నదే నా బాధ.

ఆ మొదటి మెట్టును కాస్త దగ్గరగా చూద్దాం. ల్యాబులో టెక్నీషియన్ తెమడలో చీములా చిక్కగా ఉన్న చోటు నుంచి కొంచెం తీసి గాజు స్లైడు మీద పూస్తారు. అలా పూసేది సుమారు 0.01 మిల్లీలీటరు. దానికి ఎర్ర రంగు పట్టించి, వేడిచేసి, ఆమ్లంతో కడిగి, ఆపైన నీలం రంగు వేస్తారు. టీబీ క్రిమికి మైనం లాంటి పొర ఉంటుంది కాబట్టి అది ఎరుపును వదలదు. తక్కినవన్నీ నీలంగా మారిపోతాయి. వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే నీలం మధ్యలో సన్నటి ఎర్ర గీతలు కనబడతాయి. అయితే మైక్రోస్కోపులో ఒకసారికి కనబడేది అతి చిన్న మేర. దాన్ని ఫీల్డు అంటారు. ఆ పూత మొత్తాన్ని చూడాలంటే దాదాపు 10,000 ఫీల్డులు చూడాలి. నెగెటివ్ అని రాయడానికి ముందు చూడాల్సినవి 100.

ఇప్పుడు లెక్క వేయండి. మిల్లీలీటరుకు 5,000 క్రిములున్న తెమడలో, స్లైడు మీదికి చేరేవి 50. అవి సమంగా పరుచుకుంటే 200 ఫీల్డులకు ఒకటి వస్తుంది. 100 ఫీల్డులు ఓపికగా, నిజాయితీగా చూసినా ఒక్కటి కూడా కంటపడకపోయే అవకాశం నూటికి అరవై పాళ్లు. టెక్నీషియన్ తప్పేమీ చేయలేదు, అయినా రిపోర్టు నెగెటివే. ఇక రోజుకు పదులకొద్దీ స్లైడులు చూసే చోట, కళ్లు అలసిపోయిన సాయంత్రం వేళ ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఎల్ఈడీ ఫ్లోరోసెంట్ మైక్రోస్కోపులు వచ్చాక ఒక చూపులో ఎక్కువ మేర కనబడుతోంది. పాత పద్ధతి కంటే సుమారు 10 శాతం ఎక్కువ పట్టుకుంటాయి. అంతకు మించి కాదు.

క్రిములు తక్కువగా ఎందుకుంటాయి? ఊపిరితిత్తిలో 2 సెంటీమీటర్ల గుల్ల పడి అది శ్వాసనాళంలోకి తెరుచుకుంటే, అందులో 10 కోట్ల దాకా క్రిములుండొచ్చు. గాలి బాగా అందుతుంది కాబట్టి అవి పెరుగుతాయి, దగ్గుతో బయటికి వస్తాయి. అదే పరిమాణంలో మూసుకుపోయిన గడ్డ ఉంటే అందులో ఉండేవి సుమారు 100. ఎక్స్‌రేలో రెండూ మచ్చలే, తెమడ కప్పులో మాత్రం ఒకటి కనబడుతుంది, ఒకటి కనబడదు. జబ్బు మొదట్లో ఉన్నవారికి, పిల్లలకు, హెచ్ఐవీ ఉన్నవారికి ఇలా నెగెటివ్ రావడం ఎక్కువ.

‘క్రిములు అంత తక్కువైతే ప్రమాదమూ తక్కువేగా’ అని అడగొచ్చు. తక్కువే, కానీ లేకపోలేదు. మందులు రాని కాలపు లెక్కలు కలిపి చూస్తే, చికిత్స అందని స్లైడు పాజిటివ్ రోగుల్లో పదేళ్లలో 70 శాతం మంది చనిపోయారు. నెగెటివ్ వారిలో 20 శాతం. ఐదుగురిలో ఒకరు! అంటించడం సంగతీ అంతే. శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రిముల జన్యు ముద్రలు పోల్చి 1999లో ప్రకటించిన అధ్యయనంలో 17 శాతం అంటువ్యాప్తి స్లైడు నెగెటివ్ రోగుల నుంచే జరిగిందని తేలింది. మన పొరుగున మద్రాసులో ఉన్న క్షయ పరిశోధన కేంద్రం హాంకాంగ్, బ్రిటన్ వైద్యులతో కలిసి చేసిన పరిశీలన ఇంకా సూటిగా చెబుతుంది. ఎక్స్‌రేలో టీబీలా ఉండి తెమడ నెగెటివ్ వచ్చినవారిలో కొందరికి వెంటనే మందులివ్వకుండా గమనిస్తూ ఉంటే, ఐదేళ్లలో సగానికి పైగా మందికి చివరికి చికిత్స అవసరమైంది.

అందుకని నెగెటివ్ వస్తే మొదట అనుమానించాల్సింది కప్పులో పడినదాన్ని. చాలా కప్పుల్లో ఉండేది తెమడ కాదు, ఉమ్మి. పొద్దున్నే లేచి, నోరు నీళ్లతో పుక్కిలించి, గాలి గుండెల నిండా రెండుమూడు సార్లు పీల్చి వదిలి, లోపలి నుంచి దగ్గి తీసిన చిక్కటి కళ్లె కావాలి. కనీసం 2 మిల్లీలీటర్లు ఉండాలి. ఈ నాలుగు మాటలు చెప్పడం ఎంత పని చేస్తుందో పాకిస్తాన్‌లోని రావల్పిండిలో కొలిచి చూశారు. 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో, కళ్లె ఎలా తీయాలో ఆడవాళ్లకు వివరంగా చెప్పినప్పుడు వారిలో పాజిటివ్‌గా తేలినవారు 8 శాతం నుంచి 13 శాతానికి పెరిగారు. మందు లేదు, యంత్రం లేదు. ఒక మనిషి ఇంకో మనిషికి ఓపికగా చెప్పడమే. నలుగురిలో కాండ్రించి ఉమ్మడానికి ఆడవాళ్లు సిగ్గుపడటం మన దగ్గరా ఉన్నదే. దానికితోడు తమిళంలో చెప్పిన సూచన తెలుగు పేషెంటుకు సగమే అర్థమైతే కప్పులో పడేది ఉమ్మే. పుదుచ్చేరి లాంటి చోట సూచనల బోర్డు తమిళం పక్కన తెలుగులోనూ ఉండటం మర్యాద కోసం కాదు, రోగ నిర్ధారణ కోసం.

ఎంత ప్రయత్నించినా కళ్లె రానివారికి 3 శాతం ఉప్పునీటిని నెబ్యులైజర్‌తో పీల్పించి రప్పిస్తారు. రెండో నమూనా కూడా ముఖ్యమే. స్లైడు పరీక్షలో చివరికి పాజిటివ్‌గా తేలేవారిలో సుమారు 86 శాతం మంది మొదటి నమూనాలోనే దొరుకుతారు, రెండోది మరో 12 శాతాన్ని పట్టుకుంటుంది, మూడోదానికి మిగిలేది 3 శాతం లోపు. మన దేశంలో 2009 నుంచి మూడుకు బదులు రెండు నమూనాలు చాలనడానికి కారణం ఇదే.

తర్వాతి మెట్టు నాట్ పరీక్ష. సీబీనాట్, ట్రూనాట్ పేర్లు ఇప్పుడు చాలామందికి తెలుసు. ట్రూనాట్ గోవాలోని మోల్‌బయో సంస్థ చేసినది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఆమోదం తెలిపింది. ఇవి క్రిమిని కంటితో వెతకవు, దాని డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటూ పోయి పసిగడతాయి. మొదటి తరం సీబీనాట్‌కు మిల్లీలీటరుకు వందకు కాస్త పైన క్రిములు చాలు. అల్ట్రా రకానికి 16 చాలు. రెండు గంటల్లోపే ఫలితం వస్తుంది. రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా ఆ పరీక్షలోనే తెలుస్తుంది.

ఒక ఊహ లెక్క చూద్దాం. దగ్గుతో వచ్చిన 1,000 మందిలో 100 మందికి నిజంగా టీబీ ఉందనుకోండి. స్లైడు పరీక్ష 60 మందిని పట్టుకుందనుకోండి. మిగిలిన 40 మందికి సీబీనాట్ చేస్తే, స్లైడు నెగెటివ్ వారిలో దాని పట్టు 67 శాతం కాబట్టి 27 మంది బయటపడతారు. ఇంకా 13 మంది మిగిలిపోతారు. స్లైడు దగ్గరే ఆగితే ఇంటికి వెళ్లిపోయేవారు 40 మంది, నాట్ దాకా వెళితే 13 మంది. సున్నా మాత్రం కాదు. 2023లో ప్రపంచవ్యాప్తంగా కొత్తగా టీబీ గుర్తించినవారిలో మొదటి పరీక్షగా ఇలాంటి త్వరిత పరీక్ష అందింది 48 శాతానికే. తక్కినవారి నిర్ధారణ ఇప్పటికీ పాత స్లైడు మీదో, డాక్టరు అంచనా మీదో నడుస్తోంది. ఇది నాకు ఏమాత్రం మింగుడుపడని అంకె.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. గతంలో టీబీ మందులు వాడినవారిలో చచ్చిన క్రిముల డీఎన్ఏ కొన్నేళ్ల పాటు మిగిలి ఉండొచ్చు. వారికి నాట్ పాజిటివ్ వచ్చినా జబ్బు తిరగబెట్టిందో లేదో కల్చరే చెప్పాలి. కల్చర్‌కు మిల్లీలీటరుకు 10 నుంచి 100 బతికున్న క్రిములు చాలు. ఇబ్బందల్లా సమయంతోనే. ఈ క్రిమి రెండుగా చీలడానికే 20 గంటల వరకు పడుతుంది. ద్రవ మాధ్యమంలో నెగెటివ్ అని తేల్చి చెప్పడానికి 42 రోజులు ఆగాలి.

నాట్‌కూ దొరకని ఆ 13 మందిని పట్టుకోవడానికి ఎక్స్‌రే కావాలి. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ టీబీ సర్వేలో బయటపడిన కేసుల్లో 42.6 శాతం, ఎక్స్‌రే తీయకపోయి ఉంటే దొరికేవే కావు. నా దృష్టిలో ఆ సర్వే మొత్తంలో గుర్తుంచుకోవాల్సిన అంకె ఇదే. ఎక్స్‌రే కూడా తుది తీర్పు కాదు. న్యుమోనియా, క్యాన్సర్, పాత టీబీ మచ్చలు, రాళ్ల క్వారీ పనివారికి వచ్చే సిలికోసిస్, అన్నీ టీబీలా కనిపించగలవు. షుగర్ ఉన్నవారిలో టీబీ మచ్చ మామూలుగా ఉండే పైభాగంలో కాక కింద భాగంలో రావచ్చు, అప్పుడు న్యుమోనియా అనుకునే ప్రమాదం ఉంది. పుదుచ్చేరి పట్టణ టీబీ రోగులపై 2014లో వెలువడిన అధ్యయనంలో 29 శాతం మందికి షుగర్ ఉందని తేలింది. వారిలో కొందరికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు కూడా. కాబట్టి ఈ ప్రాంతంలో షుగర్ ఉన్న మనిషి దగ్గును తేలిగ్గా తీసుకోకూడదు. ఎక్స్‌రే అనుమానంగా ఉండి నాట్ నెగెటివ్ అయితే సీటీ స్కాన్, ఆ తర్వాత బ్రాంకోస్కోపీతో ఊపిరితిత్తిని కడిగి తీసిన ద్రవానికి మళ్లీ నాట్, కల్చర్. గోరిమేడు, కదిర్కామం ఆసుపత్రుల విలువ తెలిసేది ఈ ఘట్టంలోనే.

చాలాచోట్ల జరిగేది వేరు. ముందు ఒక యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చి, తగ్గకపోతే టీబీ అని, తగ్గితే కాదని తేల్చేస్తారు. ఈ పద్ధతిపై అధ్యయనాలన్నీ కలిపి 2020లో లెక్క చూస్తే, అది టీబీ ఉన్నవారిలో 67 శాతాన్ని, లేనివారిలో 73 శాతాన్ని మాత్రమే సరిగ్గా చెప్పింది. అంటే టీబీ ఉన్న ముగ్గురిలో ఒకరికి ‘లేదు’ అని, లేని నలుగురిలో ఒకరికి పైగా ‘ఉంది’ అని. యాంటీబయాటిక్ ఇవ్వడం తప్పు కాదు, దాన్నే పరీక్షగా నమ్మడం తప్పు. అందులోనూ లీవోఫ్లాక్సాసిన్ లాంటి మందులు టీబీ క్రిమిని కూడా కొంత అణిచివేస్తాయి. దగ్గు తగ్గినట్టే తగ్గి జబ్బు దాక్కుంటుంది. ఈ జాతి మందులు ముందుగా వాడినవారిలో టీబీ చికిత్స సగటున 19 రోజులు ఆలస్యమైందని, ఆ మందులకు లొంగని క్రిముల ముప్పు దాదాపు మూడింతలైందని తేలింది. మందుల షాపులో చీటీ లేకుండా ఇవి కొనడం మానాలి.

రక్తపరీక్షల మాటకొస్తే, టీబీ యాంటీబాడీ పరీక్షలను మన ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. చర్మం మీద చేసే మాంటూ, రక్తంతో చేసే ఇగ్రా పరీక్షలు చెప్పేది క్రిమి ఒంట్లో ఎప్పుడో చేరిందని మాత్రమే. జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు దాటినవారిలో 31 శాతానికి అలా చేరే ఉంది. వారందరికీ జబ్బు లేదు.

అన్నీ నెగెటివ్ వచ్చి, లక్షణాలూ ఎక్స్‌రే మాత్రం టీబీనే చూపిస్తుంటే, అనుభవమున్న డాక్టరు మందులు మొదలుపెట్టవచ్చు. అది నిబంధనలు అనుమతించిన పనే. ప్రపంచంలో ఊపిరితిత్తుల టీబీగా నమోదైనవారిలో క్రిమి రుజువైనవారు మూడింట రెండు వంతుల కంటే కొంచెం తక్కువే. కానీ మందులు మొదలుపెట్టే ముందే కల్చర్‌కు నమూనా వెళ్లాలి. మొదలుపెట్టాక రెండు నెలలకు బరువు, జ్వరం, ఎక్స్‌రే మళ్లీ చూడాలి. మెరుగు లేకపోతే ‘ఇది అసలు టీబీనేనా’ అని మళ్లీ మొదటికి వెళ్లాలి. ఆరు నెలల టీబీ మందుల కింద ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరుగుతూ పోతే, ఆ పోగొట్టుకున్న కాలం తిరిగి రాదు.

మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, తగ్గుతున్న బరువు ఉండి తెమడ రిపోర్టు నెగెటివ్ వస్తే, డాక్టరును మూడే అడగండి: నాట్ చేశారా, ఎక్స్‌రే తీశారా, కల్చర్‌కు పంపారా? ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్షలు, మందులు ఉచితం. నమోదైన రోగికి పోషకాహారం కోసం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. తెమడలో క్రిమి దొరకకుండా డాక్టరు నిర్ధారించిన రోగికీ ఇవన్నీ వర్తిస్తాయి. టీబీ రోగుల కోసం ప్రభుత్వం నడిపే నిక్షయ్ ఉచిత హెల్ప్‌లైన్ నంబరు 1800-11-6666.