సర్జరీ తర్వాత ‘లెవెల్ అప్’: గేమ్ యాప్‌లు పేషెంట్‌ని నిజంగా కనిపెట్టుకుని ఉంటాయా?

ఫోన్ రివ్యూల్లో స్టెప్ కౌంటర్‌కి మనం ఒక్క లైన్ ఇస్తాం. పేజీలన్నీ కెమెరాకీ, గేమింగ్‌కీ పోతాయి. కానీ మోకాలి మార్పిడి సర్జరీ అయి ఇంటికొచ్చిన మనిషికి ఆ ఒక్క లైనే మెయిన్ ఫీచర్. కొన్ని వారాలుగా మధురవాడలో మా ఇంట్లో దాన్నే టెస్ట్ చేస్తున్నాను. యూజర్ మా అమ్మ. గ్రౌండ్ మా అపార్ట్‌మెంట్ కారిడార్.

అసలు కాన్సెప్ట్ ఏంటి?

సర్జరీ తర్వాత రోజూ కాస్త నడవాలి, ఎక్సర్‌సైజులు చేయాలి, నొప్పి ఎంతుందో చెప్పాలి. ఈ బోరింగ్ పనులకి పాయింట్లు, బ్యాడ్జీలు, స్ట్రీక్‌లు తగిలిస్తే అదే గేమిఫికేషన్. ఆ డేటా ఆస్పత్రికి కూడా వెళ్తే అది రిమోట్ మానిటరింగ్.

ఇదేం కొత్త కాదు. ఆపరేషన్ తర్వాత ఊపిరి పీల్చమని ఇచ్చే మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా చూసే ఉంటారు. మామూలు మోడల్‌లో సెకనుకి 600 సీసీ వేగంతో గాలి పీలిస్తే మొదటి బంతి లేస్తుంది, 900కి రెండోది, 1200కి మూడోది. ఛార్జింగ్ లేదు, యాప్ లేదు. అయినా అది పక్కా మూడు లెవెల్స్ గేమ్.

స్టడీలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు తుంటి, మోకాలి మార్పిడి చేయించుకున్న 242 మందిపై ట్రయల్ చేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి మామూలు కేర్. మిగతావాళ్లకి వేరబుల్, రోజూ మెసేజ్‌లు. వీళ్లలోనే కొందరికి అదనంగా గేమ్, ఇంట్లోవాళ్ల సపోర్ట్. ట్విస్ట్ ఏంటంటే, గేమ్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ నడిచిన అడుగుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు మామూలు కేర్‌లో 12.2 శాతం ఉంటే, మానిటరింగ్‌లో ఉన్నవాళ్లలో 3.4 శాతమే.

మరి గేమ్ వేస్టా? కాదు. 2019లో వచ్చిన స్టెప్ అప్ ట్రయల్‌లో, అధిక బరువున్న 602 మంది ఉద్యోగుల్లో గేమ్ బాగానే పనిచేసింది. ఒకరితో ఒకరు పోటీ పడిన గ్రూప్ అందరికంటే ముందుంది. అంటే ఒళ్లు సహకరించే మనిషిని గేమ్ లేపి నడిపించగలదు. కుట్లు ఇంకా మానని మనిషికి మాత్రం అవతలి నుంచి ఒకరు చూస్తూ ఉండటమే ముఖ్యం.

మా ఇంట్లో రిజల్ట్

మొదటి వారం బ్యాండ్ చేతికి కట్టాం. వాకర్ పట్టుకుని నడిస్తే చెయ్యి ఊగదు. చెయ్యి ఊగకపోతే బ్యాండ్‌కి అది నడకే కాదు. నేను పక్కనుండి లెక్కపెట్టిన అడుగుల్లో సగం కూడా పడలేదు. "ఏటిరా ఇది, రెండుసార్లు తిరిగొచ్చినా ఏటీ పడలేదు!" అని అమ్మ విసుక్కుంది. ఫోన్‌ని నడుముకి పౌచ్‌లో కట్టాక లెక్క చాలావరకు కుదిరింది.

ఇంకో సంగతి. గూగుల్ ఫిట్ 2018లో తెచ్చిన హార్ట్ పాయింట్స్ వేగంగా నడిచే నిమిషానికి ఒకటి చొప్పున వస్తాయి. నిమిషానికి సుమారు 100 అడుగుల స్పీడ్ కావాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అది సరైన లెక్కే. వాకర్‌తో నడిచే మనిషికి రోజంతా కష్టపడినా సున్నాయే.

అసలు ప్రమాదం స్ట్రీక్‌తో. పన్నెండో రోజు సాయంత్రం అమ్మకి పిక్క వాచింది. "ఇంకో రెండొందలు అడుగులేస్తే గొలుసు తెగదు" అంటూ లేవబోయింది. కూర్చోబెట్టి ఆస్పత్రికి ఫోన్ చేశాను. వెంటనే రమ్మన్నారు, స్కాన్ చేశారు, రక్తం గడ్డకట్టలేదని తేలింది. ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆ యాప్‌లో ‘కాలు వాచింది’ అని చెప్పే బటనే లేదు. ఆ రోజు దాని దృష్టిలో అమ్మ ఓడిపోయింది, అంతే.

మంచి డిజైన్ ఎలా ఉంటుంది?

టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆస్పత్రి కేన్సర్ ఉన్న పిల్లల కోసం చేసిన ‘పెయిన్ స్క్వాడ్’ చూడండి. పిల్లలు డిటెక్టివ్‌లు. రోజుకి రెండుసార్లు నొప్పి రిపోర్ట్ ఇస్తే పోలీస్ ర్యాంకులు పెరుగుతాయి. నొప్పి తగ్గినందుకు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు ప్రమోషన్. నాకు నచ్చిన ఫీచర్ ఇదే. నడిస్తేనే పాయింట్లు ఇచ్చే యాప్‌లో పేషెంట్ నొప్పిని దాస్తాడు. చెబితే పాయింట్లు ఇచ్చే యాప్‌లో దాచాల్సిన అవసరమే ఉండదు.

ఇన్‌స్టాల్ చేసే ముందు చెక్ చేయండి

• రోజు టార్గెట్ డాక్టర్ లేదా ఫిజియో పెట్టాలి. పదివేల అడుగుల లెక్క 1965 నాటి జపాన్ పెడోమీటర్ మార్కెటింగ్ నుంచి వచ్చింది, ఆపరేషన్ థియేటర్ నుంచి కాదు.
• రెస్ట్ డే తీసుకుంటే స్ట్రీక్ తెగకూడదు.
• రెడ్ అలర్ట్ పంపితే అవతల చూసేదెవరు? రాత్రి పదింటికి కూడా చూస్తారా? ఆస్పత్రిని ముందే అడగండి.
• ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆఫ్ చేయండి. లేకపోతే ఫోన్ దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లో ఆపేసే అవకాశం ఉంది.
• తెలుగు, పెద్ద అక్షరాలు, వాయిస్ ఉన్నాయా చూడండి.
• హెల్త్ డేటా ఎవరికి వెళ్తుందో చదవకుండా ‘అలో’ నొక్కొద్దు.

ఒక కాలు పిక్క వాపు, జ్వరం, గాయం నుంచి చీము కనిపిస్తే యాప్ ఓపెన్ చేయడం కాదు, ఆస్పత్రికి ఫోన్ చేయాలి. ఛాతీనొప్పి, ఆయాసం అయితే నేరుగా 108.

ఫైనల్ వర్డిక్ట్

శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ ఊళ్ల నుంచి సర్జరీకి విశాఖ వచ్చినవాళ్లు డిశ్చార్జ్ అయ్యాక ఆస్పత్రికి చాలా దూరంలో ఉంటారు. తర్వాతి చెకప్ వరకు వాళ్లని చూసే కన్ను ఫోనే కాగలదు. ఇటు మధురవాడ కొండల మీద సాఫ్ట్‌వేర్ ఉంది, అటు పెదగంట్యాడ వైపు 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్నాయి. ఈ రెండూ కలిస్తే తెలుగులో మాట్లాడే యాప్ ఒకటి రావడం కష్టమేం కాదు.

మీలో కోడ్ రాసేవాళ్లకి నా రిక్వెస్ట్ ఒక్కటే. బ్యాడ్జీలు తర్వాత పెట్టండి. ముందు ‘ఈరోజు బాగోలేదు’ అనే బటన్ పెట్టండి, దాన్ని నొక్కినవాళ్లకి ఎక్కువ పాయింట్లు ఇవ్వండి.