మీకు తెలుసా? కెప్టెన్ కిర్క్ చొక్కా అసలు రంగు ఆకుపచ్చ!

1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ సీరియల్లో కెప్టెన్ కిర్క్ చొక్కా బంగారు రంగులో మెరుస్తుంది. నిజానికి దుస్తుల డిజైనర్ విలియం వేర్ థైస్ దానికి ఎంచుకున్నది ముదురూ లేతా కాని ఆకుపచ్చ బట్ట. స్టూడియో లైట్లు, ఫిల్ము కలిసి దాని రంగు మార్చేశాయి. కాబట్టి ఆ యూనిఫాం కుట్టించుకోవాలంటే తెర మీది రంగా, అసలు రంగా అన్నది ముందే తేల్చుకోవాలి. చూసేవాళ్ల కళ్లకు అలవాటైంది తెర రంగే. నా ఓటు దానికే. బట్ట ముక్కను ఎండలోనూ, ట్యూబులైటు కిందా ఫొటో తీసి చూశాకే తానులోంచి చింపించుకోండి.

మొదటి రెండు సీజన్లలో వాడిన వెలూర్ బట్ట శుభ్రం చేసిన ప్రతిసారీ కుంచించుకుపోయేది. మూడో సీజన్‌కి నైలాన్‌కు మారారు. మీ బట్ట అలా కుంచించుకుపోకూడదంటే, జఫర్‌గఢ్‌లో టైలరుకిచ్చినా, హైదరాబాద్‌లో ఇచ్చినా దాన్ని ముందు తడిపి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వండి.

1987లో వచ్చిన ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ సీరియల్లో ఒంటికి అతుక్కునే స్పాండెక్స్ దుస్తులతో నటుడు ప్యాట్రిక్ స్టీవర్ట్‌కి నడుము నొప్పి పట్టుకుంది. మూడో సీజన్లో ఆయనకు రెండు ముక్కల ఉన్ని యూనిఫాం వచ్చింది. కూర్చుని లేస్తే పైచొక్కా పైకి జరిగేది. ఆయన దాన్ని కిందికి లాక్కోవడం అభిమానులకు ఎంతో ఇష్టమైన దృశ్యమైపోయింది.

అందుకే ట్రయల్‌లో అద్దం ముందు నిలబడితే చాలదు. కూర్చోండి, చేతులు పైకెత్తండి. చంక దగ్గర పట్టేస్తే విప్పుకోవడానికి లోపల కుట్టులో అంగుళం బట్ట వదలమని టైలరుకు ముందే చెప్పండి.